ఎక్కినవాడి మాట, చూసినవాడి లెక్క

హైదరాబాద్ శివారు రావిర్యాల వండర్లా పార్కులో రికాయిల్ అనే రోలర్ కోస్టర్ దిగి బయటికొచ్చే కుర్రకారు మాటలు పది నిమిషాలు వింటే చాలు, ప్రపంచంలో కోస్టర్ అభిమానుల మధ్య జరిగే వాదనలన్నీ అక్కడే దొరుకుతాయి. ముందు వరుసలో కూర్చుంటేనే మజా అని ఒకడంటాడు. వెనక సీటులో కూర్చోనివాడికి రికాయిల్ గురించి మాట్లాడే హక్కే లేదని ఇంకొకడు. బెంగళూరుది దీనికంటే బాగుంటుందని మూడోవాడు. అసలు నువ్వు బెంగళూరు ఎప్పుడెళ్లావురా అని నాలుగోవాడు. కళ్లజోడు తుడుచుకుంటూ పక్కన నిలబడ్డవాడు మాత్రం ఏమీ అనడు. వాడు మొదట్నుంచి చివరిదాకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

ఇలాంటి గుంపులో ఇద్దరు ముగ్గురికి ఎన్‌బీఏ, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ పిచ్చి ఉండటం కూడా మామూలే. ఫైనల్స్ మ్యాచ్ అమెరికాలో రాత్రి ఎనిమిదిన్నరకు మొదలైతే హైదరాబాద్‌లో పొద్దున ఆరు. జూన్ నెలలో మాదాపూర్ హాస్టళ్లలో మొదటి రెండు క్వార్టర్లు దుప్పటి ముసుగులో, మూడోది బాత్రూమ్ క్యూలో, నాలుగోది మెట్రోలో నిలబడి చూసేవాళ్లున్నారు. వీళ్ల పంచాయితీ ఎప్పుడూ ఒకటే: మైకేల్ జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ జేమ్స్ గొప్పా? దీనికి గోట్ చర్చ అని పేరు. మేకకు ఇందులో ఏ పాత్రా లేదు, ఎప్పటికీ మేటి అని చెప్పే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది.

పైకి చూస్తే ఈ రెండు గొడవలకూ సంబంధం లేదు. ఒకటి ఇనప పట్టా గురించి, ఇంకొకటి మనుషుల గురించి. కానీ రెండూ ఒకేచోట చిక్కుకుంటాయి. వాదించే అందరి దగ్గరా అంకెలున్నాయి, ఆ అంకెలన్నీ నిజమే, అయినా తీర్పు రాదు. అది అభిమానుల మొండితనం అని కొట్టిపారేస్తే అసలు సంగతి తప్పిపోతుంది. అంకె కొలిచేది ఒకటి, అభిమాని అడిగేది మరొకటి. పైగా పోల్చాల్సిన రెండింటినీ స్వయంగా ఎక్కినవాళ్లు, స్వయంగా చూసినవాళ్లు ఎప్పుడూ తక్కువే.

కోస్టర్ల లోకంలో చాలాకాలం తిరిగిన అంకె 139. అమెరికాలో న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్కులో 2005లో తెరిచిన కింగ్డా కా ఎత్తు అన్ని మీటర్లు. హైడ్రాలిక్ మోటారు కేబుల్‌తో లాగి వదిలితే మూడున్నర సెకన్లలో రైలు గంటకు 206 కిలోమీటర్ల వేగం అందుకునేది. నిట్టనిలువుగా పైకి పోయి, కొస దాటి, మెలిక తిరుగుతూ అంతే నిలువుగా కిందికి దిగేది. మొత్తం వ్యవహారం అర నిమిషం కూడా పట్టేది కాదు. దాదాపు ఇరవై ఏళ్లపాటు భూమ్మీద దాన్ని మించిన ఎత్తు ఏ కోస్టర్‌కూ లేదు.

ఈ కోస్టర్ గురించి అభిమానులు చెప్పుకునే ముచ్చట ఒకటుంది. గాలి, రాపిడి లేని లోకంలోనైతే 206 కిలోమీటర్ల వేగం రైలును సుమారు 167 మీటర్ల ఎత్తుకు చేర్చాలి. పట్టా 139 దగ్గరే వంగిందంటే మధ్యలో ఉన్న తేడా గాలికీ రాపిడికీ వదిలిన వాటా. ఎదురుగాలి గట్టిగా వీచినా, చలికి చక్రాలు సరిగా తిరగకపోయినా ఆ వాటా చాలేది కాదు. రైలు కొసదాకా వెళ్లి, ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, వచ్చిన దారినే వెనక్కి జారేది. కింద అయస్కాంత బ్రేకులు పట్టుకుని ఆపేవి, మళ్లీ వదిలేవారు. దీన్నే రోల్‌బ్యాక్ అంటారు. కొత్తవాళ్లకు గుండె ఆగినంత పని. అభిమానులకు మాత్రం లాటరీ తగిలినట్టే, ఎందుకంటే ఒక్క టికెట్ మీద రెండుసార్లు ఎక్కినట్టు.

ఇంత ఉన్నా, అమ్యూజ్‌మెంట్ టుడే అనే పత్రిక 1998 నుంచి ఇస్తున్న గోల్డెన్ టికెట్ అవార్డుల్లో ఉత్తమ స్టీల్ కోస్టర్‌గా కింగ్డా కా ఒక్క ఏడాది కూడా మొదటి స్థానంలోకి రాలేదు. ఏళ్ల తరబడి ఆ కుర్చీలో కూర్చున్నది ఒహాయోలోని సీడార్ పాయింట్ పార్కులో 2000లో వచ్చిన మిలీనియం ఫోర్స్. ఎత్తు 94 మీటర్లు. 2016లో దాని చోటు తీసుకున్న ఫ్యూరీ 325 ఎత్తు 99 మీటర్లు. ఇంకా చిత్రం, కింగ్డా కా ఉన్న పార్కులోనే 2006లో ఎల్ టోరో అనే చెక్క కోస్టర్ వచ్చింది. ఎత్తు 55 మీటర్లే. టీవీ వాళ్లు కింగ్డా కా దగ్గరికి పోతే, ముదురు అభిమానులు మాత్రం ఎల్ టోరో క్యూలో కనిపించేవాళ్లు.

మరి అభిమాని అడిగేదేమిటి? హైదరాబాదీలకు ఇది చెప్పడం సులువు. స్పీడ్ బ్రేకర్ ఉందని చూసుకోకుండా బండి జోరుగా పోనిస్తే, వెనక కూర్చున్నవాడు సీటు మీంచి లేచి, ఓ క్షణం గాల్లో ఉండి, మళ్లీ సీటుకు తగిలి తిడతాడు చూడండి. ఆ క్షణం పేరు ఎయిర్‌టైమ్. కోస్టర్ పట్టా మెట్ట ఎక్కి ఒక్కసారిగా కిందికి వంగుతుంది. మన ఒళ్లు మాత్రం అప్పటిదాకా పోతున్న దారిలోనే పైకి పోదామని చూస్తుంది. పట్టా వంపు మెల్లగా ఉంటే తేలినట్టు అనిపిస్తుంది. వంపు పదునుగా ఉంటే సీటు మనల్ని విసిరేసినట్టు ఉంటుంది, తొడల మీది కడ్డీయే పట్టుకుని ఆపుతుంది. రైలు కూడా పట్టా మీంచి లేచిపోకూడదు కదా. అందుకే పట్టా కింది వైపు కూడా చక్రాలు ఉంటాయి. 1919లో జాన్ మిల్లర్ అనే ఇంజినీరు ఈ ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పటి కోస్టర్ల దూకుడంతా ఆ కింది చక్రాల చలవే.

ఎయిర్‌టైమ్ ఎత్తును బట్టి రాదు, వంపును బట్టి వస్తుంది. పెన్సిల్వేనియాలో నోబెల్స్ అనే పాతకాలపు పార్కులో ఫీనిక్స్ అనే చెక్క కోస్టర్ ఉంది. దీన్ని మొదట 1947లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో కట్టారు. అక్కడి పార్కు మూతపడ్డాక విప్పి, చెక్క చెక్కా మోసుకొచ్చి, 1985లో ఇక్కడ నిలబెట్టారు. ఎత్తు 24 మీటర్లు, వేగం 72 కిలోమీటర్లు. రికాయిల్ తరహా కోస్టర్ల మామూలు ఎత్తు 35 మీటర్ల పైచిలుకు, అంటే ఫీనిక్స్ దానికంటే పొట్టి. అయినా 2018 నుంచి ఇది పలుమార్లు ప్రపంచంలోకెల్లా ఉత్తమ చెక్క కోస్టర్‌గా గోల్డెన్ టికెట్ అందుకుంది. ఒళ్లో పడే ఒక్క కడ్డీ, దాని కింద కావలసినంత ఖాళీ, చివర్లో వరసపెట్టి వచ్చే చిన్న చిన్న మెట్టలు. ప్రతి మెట్ట మీదా బండెడు జనం ఒకేసారి సీట్లు వదిలి లేస్తారు. దీన్ని ఏ పట్టికలో ఏ గడిలో రాయాలి? ఎత్తుకు గడి ఉంది, వేగానికి ఉంది, పొడవుకు ఉంది. సీటుకూ నడుముకూ మధ్య దూరానికి గడి లేదు.

రికాయిల్ సంగతి వేరు, అది ఎయిర్‌టైమ్ కోసం పుట్టింది కాదు. 2016 ఏప్రిల్‌లో పార్కు తెరిచినప్పటి నుంచి హైదరాబాద్‌లో తలకిందులు కావాలంటే గుర్తొచ్చే పేరు ఇదే. ఇది బూమరాంగ్ తరహా. రైలు స్టేషన్ నుంచి ముందుకు పోదు. ముందు దాన్ని వెనక్కి లాగుతారు. కేబుల్ కరకరమంటూ లాగుతుంటే వీపు ఆకాశం వైపు, ముఖం నేల వైపు తిరుగుతుంది. ఒంటి బరువంతా భుజాల మీది పట్టీల మీద పడుతుంది. స్టేషన్ కప్పు, క్యూలో నిలబడి పైకి చూస్తున్న ముఖాలు, ఎవడో చెయ్యి ఊపడం, అన్నీ కిందికి కుంచించుకుపోతాయి. ఆ లాగుడులో మాట్లాడేవాడు ఉండడు. పైన టక్కుమని కొక్కెం వదలగానే రైలు స్టేషన్‌లోంచి దూసుకుపోయి, నాగుపాము పడగ ఆకారంలో ఉన్న మెలికలో రెండుసార్లు, తర్వాత నిలువు లూప్‌లో ఒకసారి తలకిందులు చేసి, ఎదుటి వాలు ఎక్కుతుంది. అక్కడ వేగం చాలదు, ఎందుకంటే రాపిడి తన వాటా అప్పటికే తీసేసుకుంది. గొలుసు పట్టుకుని మిగతా ఎత్తు లాగుతుంది. మళ్లీ వదులుతుంది. ఈసారి అదంతా వెనక్కి.

ఆ లూప్‌ను కింద నిలబడి పరిశీలనగా చూస్తే గుండ్రంగా ఉండదు. కింద వెడల్పుగా, పైన ఇరుకుగా, వానచుక్కలా ఉంటుంది. ఇది అందం కోసం చేసింది కాదు. వృత్తంలో తిరిగేటప్పుడు ఒంటి మీద పడే ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వృత్తం పెద్దదైతే తగ్గుతుంది. లూప్ అడుగున వేగం ఎక్కువ కాబట్టి అక్కడ వృత్తం పెద్దది కావాలి. పైన వేగం తగ్గుతుంది కాబట్టి వృత్తం చిన్నది కావాలి, లేకపోతే సీట్లోంచి వేలాడతాం. 1890ల్లో న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో నిఖార్సైన గుండ్రటి లూప్ కట్టి జనం మెడలు పట్టేసేలా చేశారు. 1900ల మొదట్లో మరికొన్ని ప్రయత్నాలు జరిగినా నిలవలేదు, ఆ తర్వాత లూప్ జోలికి దశాబ్దాలపాటు దాదాపు ఎవరూ పోలేదు. 1976లో కాలిఫోర్నియా మ్యాజిక్ మౌంటెన్‌లో రెవల్యూషన్ అనే కోస్టర్ వచ్చాకే లూప్‌కు మళ్లీ మంచిరోజులొచ్చాయి. దాని లెక్కలు వేసింది వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజినీరు. ఆ వానచుక్క ఆకారమే ఇవాళ రావిర్యాలలోనూ కనిపిస్తుంది.

నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా కంపెనీ 1980ల్లో మొదలుపెట్టిన ఈ బూమరాంగ్ నమూనా ప్రపంచంలో యాభైకి పైగా చోట్ల నిలబడింది. అందుకే అమెరికా, యూరప్ అభిమానులకు దీని పేరు చెబితే ఆవలింత వస్తుంది. ఎక్కిన ప్రతి కోస్టర్‌నూ వాళ్లు క్రెడిట్ అని లెక్కపెట్టుకుంటారు. వేల కోస్టర్ల వివరాలున్న రోలర్ కోస్టర్ డేటాబేస్ 1996 నుంచి ఉంది, దాన్ని చూసి చిట్టా రాసుకునేవాళ్లూ ఉన్నారు. బూమరాంగ్ అంటే వాళ్లకు క్లోన్, చిట్టాలో మరో గీత. భుజాల మీది పట్టీ చెవులకు టపటపా కొట్టుకుంటుందన్న ఫిర్యాదు కూడా ఉంది, అది కొట్టిపారేయాల్సింది కాదు. పాత పట్టీల్లో తల దిమ్మెక్కడం నిజమే. కానీ ఇంటర్ పరీక్షలు అయిపోయి నల్గొండ నుంచి వచ్చిన పిల్లకు అది క్లోన్ కాదు, జీవితంలో మొదటి లూప్. నాలుగు వందల క్రెడిట్లున్నవాడి విసుగుకూ ఆ అమ్మాయి కేకకూ మధ్య ఎవరి ఓటు చెల్లాలన్నది ఉత్త భావోద్వేగపు ప్రశ్న కాదు. ఓట్ల లెక్కింపు పద్ధతికి సంబంధించిన ప్రశ్న.

ఆ లెక్కింపు గురించి మిచ్ హాకర్ అనే అమెరికన్ అభిమాని 1990ల్లోనే ఆలోచించాడు. మామూలు ఓటింగ్‌లో ఎక్కువమంది ఎక్కిన కోస్టర్‌కే ఎక్కువ ఓట్లు పడతాయి. పెద్ద నగరం పక్కనుంటే చాలు, గెలుపు సగం ఖాయం. హాకర్ పద్ధతిలో ఒక్కొక్కరు తాము ఎక్కిన కోస్టర్లన్నీ వరసలో రాసి పంపాలి. తర్వాత రెండేసి కోస్టర్లను తీసుకుని జోడీలు కడతారు. ఆ రెండూ ఎక్కినవాళ్లను మాత్రమే చూస్తారు, వాళ్లలో ఎక్కువమంది దేన్ని పైన పెట్టారన్నదే గెలుపు. ఎక్కువ జోడీల్లో గెలిచిందే పై స్థానం. ఒకటే ఎక్కినవాడి మాట ఆ జోడీలో చెల్లదు. చూడ్డానికి కబడ్డీ లీగ్ పాయింట్ల పట్టికలా ఉంటుంది, కానీ ఇందులో ఆడేవి కోస్టర్లు, ఆటస్థలం జనం ఒళ్లు.

లోపం లేని పద్ధతి కాదిది. ఎక్కడో మారుమూల పార్కులో ఉన్న కోస్టర్ కోసం వెయ్యి కిలోమీటర్లు కారు నడిపేవాడు ముందే మనసు ఇచ్చేసి ఉంటాడు. అలాంటివాళ్లే ఎక్కితే ఆ కోస్టర్ స్థానం కాస్త ఉబ్బుతుంది. అయినా రెండూ ఎక్కినవాడినే అడగాలన్న షరతు ఒక్కటీ ఆ వాదనలో సగం గాలి తీసేస్తుంది. రావిర్యాలలో నాలుగోవాడు అడిగింది కూడా అదే ప్రశ్న.

ఇప్పుడు ఇదే షరతును బాస్కెట్‌బాల్‌కు పెట్టి చూడాలి. జోర్డాన్ వైపువాళ్ల చేతిలో ఉన్నది ఆరుకు ఆరు. 1991 నుంచి 1993 వరకు మూడు, 1996 నుంచి 1998 వరకు మూడు, ఆడిన ఆరు ఫైనల్స్‌లోనూ షికాగో బుల్స్ గెలిచింది, ఆరింటిలోనూ ఫైనల్స్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు అతనే. సగటు మ్యాచ్‌కు 30.1 పాయింట్లు. లెబ్రాన్ వైపువాళ్ల చేతిలో ఉన్నది కాలం. పది ఫైనల్స్, నాలుగు టైటిళ్లు, 2023 ఫిబ్రవరిలో కరీమ్ అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్ల రికార్డు దాటడం, 2024 మార్చిలో 40 వేలు దాటిన మొదటివాడు కావడం. ఓడిన ఆరు ఫైనల్స్‌ను ఒకరు మచ్చ అంటారు, ఇంకొకరు అసలు ఫైనల్‌దాకా పదిసార్లు రావడమే గొప్ప అంటారు. సెమీస్‌లో ఓడితే మచ్చ ఉండదు, ఫైనల్లో ఓడితే ఉంటుందా అన్న ప్రశ్నకు జోర్డాన్ వర్గం దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. ఆరుకు ఆరు అన్న మాట చెవికి బాగుంటుంది కాబట్టి నడిచిపోతోంది.

టైటిళ్లే కొలబద్ద అయితే ఈ ఇద్దరి ఊసే రాకూడదు. బోస్టన్ సెల్టిక్స్ ఆటగాడు బిల్ రసెల్ 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచాడు. కానీ రసెల్ పేరు గోట్ చర్చలో మర్యాదకు తలచుకుని వదిలేసే పేరైంది. అతని అసలు బలం ప్రత్యర్థి షాట్‌ను గాల్లోనే అడ్డుకోవడం. ఎన్‌బీఏ బ్లాకులు (షాట్లు అడ్డుకోవడం), స్టీల్స్ (బంతి లాక్కోవడం) లెక్క రాయడం మొదలుపెట్టింది 1973-74 సీజన్ నుంచి. రసెల్ 1969లోనే తప్పుకున్నాడు. అంటే అతను దేనికి పేరుపడ్డాడో దానికి గడే లేదు. ఫైనల్స్ ఎంవీపీ అవార్డు కూడా అతని చివరి సీజన్‌లోనే మొదలైంది. ఆ ఏడాది టైటిల్ రసెల్ జట్టు గెలిస్తే అవార్డు ఓడిన లేకర్స్ ఆటగాడు జెర్రీ వెస్ట్‌కు వెళ్లింది. 2009లో ఆ అవార్డుకు రసెల్ పేరే పెట్టారు. తన పేరే పెట్టిన అవార్డును ఒక్కసారీ అందుకోని ఆటగాడు అతను.

కోస్టర్లలోనూ ఇలాంటి రసెల్ ఒకటుంది. కెనడాలో ఒంటారియోలోని క్రిస్టల్ బీచ్ పార్కులో 1927లో కట్టిన సైక్లోన్. ఎక్కి దిగినవాళ్లు కళ్లు తిరిగి పడిపోతే చూసుకోవడానికి స్టేషన్‌లో ఒక నర్సును పెట్టారు. 1946లో మూతపడింది. అప్పుడు ఎక్కినవాడు ఇప్పుడు ఫ్యూరీ 325 ఎక్కి పోల్చి చెప్పడం జరిగే పని కాదు, కాబట్టి హాకర్ జోడీల్లో దానికి చోటే లేదు. నర్సు కథ మిగిలింది. అందరికంటే భయంకరమైన కోస్టర్ అదే అని ఇప్పటికీ రాస్తుంటారు, ఎక్కకుండానే.

విల్ట్ చాంబర్లేన్ వంద పాయింట్ల మ్యాచ్‌కూ ఇదే గతి. 1962 మార్చి 2న ఫిలడెల్ఫియా వారియర్స్ తరఫున న్యూయార్క్ నిక్స్ మీద ఒక్కడే 100 పాయింట్లు చేశాడు. ఆ రోజు హాల్లో ఉన్న ప్రేక్షకులు 4,124 మంది. వీడియో లేదు. నాలుగో క్వార్టర్ రేడియో వ్యాఖ్యానం, తెల్లకాగితం మీద 100 అని రాసి పట్టుకున్న ఫొటో, ఇవే మిగిలాయి. ఆ మ్యాచ్ జరిగింది ఫిలడెల్ఫియాలో కాదు, చాక్లెట్లకు పేరుపడ్డ హర్షీ ఊళ్లో. అరీనా పక్కనే హర్షీపార్క్. అందులో 1946లో కట్టిన కామెట్ అనే చెక్క కోస్టర్ ఇప్పటికీ నడుస్తోంది. అంటే అక్కడికి వెళ్లినవాడు విల్ట్ నాటి కోస్టర్‌ను ఇవాళా ఎక్కొచ్చు, విల్ట్ ఆటను మాత్రం చూడలేడు. ఈ రెండు అభిమానాలకూ ఉన్న పెద్ద తేడా ఇదే. కోస్టర్ ఉన్నంతకాలం కొత్త సాక్షులు పుడుతూనే ఉంటారు.

కాలం మారితే కొలతే మారుతుందన్న సంగతి తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒకప్పుడు హీరో గొప్పతనం వంద రోజుల సెంటర్లలో ఉండేది. ఎన్ని సెంటర్లు, అందులో డైరెక్ట్ ఎన్ని, షిఫ్టింగ్ ఎన్ని అని పోస్టర్ల మీద వేసేవాళ్లు, ఆ లెక్కల మీద కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు సినిమా వందల థియేటర్లలో ఒకేసారి పడుతుంది, మొదటి వారం వసూళ్లతోనే కథ తేలిపోతుంది. ఇవాళ్టి హీరోకు వంద రోజుల సెంటర్లు ఎన్ని అని అడగడం ఎంత అన్యాయమో, నిన్నటి హీరోకు మొదటి రోజు గ్రాస్ ఎంత అని అడగడమూ అంతే. ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత 1979-80లో వచ్చింది. బయటివైపు ఆటగాణ్ని డిఫెండర్ చేత్తో ఆపి పట్టుకోవడాన్ని 2004-05 నుంచి గట్టిగా కట్టడి చేశారు. రసెల్ కెరీర్ మొదలైనప్పుడు లీగ్‌లో 8 జట్లు, ఇప్పుడు 30. జోర్డాన్‌ను ఇప్పటి రూల్స్‌లో ఆడిస్తే సగటు 40 దాటేదని ఒకరు, లెబ్రాన్‌ను 1988లో దింపితే డిట్రాయిట్ జట్టువాళ్లు మోచేతులతో పడేసేవాళ్లని ఇంకొకరు అనడం వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ ఆ మ్యాచ్‌కు టికెట్ ఎవరి దగ్గరా లేదు.

ఈ రెండు అభిమానాలూ ఒకే గొంతులో వినిపించే చోటు ఒహాయో. సీడార్ పాయింట్ ఉన్న సాండస్కీ నుంచి క్లీవ్‌లాండ్ వంద కిలోమీటర్ల లోపే. లెబ్రాన్ పుట్టిన ఆక్రన్ అక్కడికి పక్కనే. 2015 ఆగస్టులో అతని ఫౌండేషన్ తన కార్యక్రమంలో అర్హత సాధించిన ఆక్రన్ పిల్లలకు యూనివర్సిటీ చదువు ఉచితమని ప్రకటించింది సీడార్ పాయింట్‌లో పెట్టిన వేడుకలోనే. మరుసటి ఏడాదే లెబ్రాన్ ఆడిన క్లీవ్‌లాండ్ కావలియర్స్ ఏడు మ్యాచ్‌ల ఫైనల్స్‌లో 1-3తో వెనకబడి, సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్ వారియర్స్‌ను 4-3తో ఓడించింది. అక్కడివాళ్లకు లెబ్రాన్, మిలీనియం ఫోర్స్ రెండూ ఊరి సొత్తు. ఓటింగ్‌లో ఊరి అభిమానాన్ని ఎంత తీసేయాలో ఏ సూత్రమూ చెప్పదు.

హైదరాబాద్‌కు ఆ సమస్య లేదు, ఇక్కడి సమస్య వేరే. ఇక్కడి అభిమాని చాలావరకు కంటితో ఎక్కుతాడు. ముందు సీటుకు కెమెరా బిగించి తీసిన వీడియోలు వందలు చూసి ఉంటాడు, పట్టా మలుపులన్నీ నోటికొచ్చు. వీడియోలో ఎత్తు కనిపిస్తుంది, వేగం కనిపిస్తుంది. సీటు మీంచి లేవడం కనిపించదు. అందుకే ఎక్కనివాళ్ల ర్యాంకుల్లో ఎత్తయినవి, వేగమైనవి పైన ఉంటాయి. ఎక్కినవాళ్ల ర్యాంకుల్లో ఫీనిక్స్ లాంటి పొట్టివి పైకొస్తాయి. బాస్కెట్‌బాల్‌లో హైలైట్లు చేసే పని కూడా ఇదే. రెండు నిమిషాల క్లిప్పులో డంకులుంటాయి, అంటే ఎగిరి బంతిని పైనుంచి రింగులోకి కుక్కడాలు. బంతి లేకుండా పరిగెత్తి ఖాళీ చేయడం, సరిగ్గా చోట నిలబడి దారి మూయడం ఉండవు. నారాయణగూడ వైఎంసీఏ సిమెంటు కోర్టు మీద సాయంత్రాలు ఆడేవాళ్లతో మాట్లాడితే తేడా తెలుస్తుంది. తనకంటే చురుకైనవాణ్ని ఒక్క పావుగంట గార్డ్ చేసి మోకాళ్లు పట్టుకున్నవాడు పాయింట్ల సగటు గురించి తక్కువ మాట్లాడతాడు.

ఎక్కాలన్న కోరిక తీరే దారులూ ఇప్పుడు పెరిగాయి. ముంబయి దగ్గర ఖోపోలిలోని ఇమాజికాలో 2013 నుంచి నైట్రో ఉంది, కాళ్ల కింద నేల లేని కోస్టర్ అది. 2025 డిసెంబరులో తెరిచిన చెన్నై వండర్లాలో తంజోరా ఉంది, పట్టా నెత్తిమీద, మనం దాని కింద వేలాడుతూ. నాలుగు గంటల విమానం ఎక్కి దుబాయ్‌లో దిగితే, అక్కడి నుంచి అబుదాబి ఫెరారీ వరల్డ్‌కు రోడ్డు దారే. 2010లో వచ్చిన అక్కడి ఫార్ములా రోసా 240 కిలోమీటర్ల వేగంతో పోతుంది, ఇసుక, పురుగులు కంట్లో పడకుండా కళ్లద్దాలు ఇస్తారు. 2025 చివర సౌదీలోని కిద్దియాలో మొదలైన ఫాల్కన్స్ ఫ్లైట్ 195 మీటర్ల ఎత్తు, 250 కిలోమీటర్ల వేగం. గల్ఫ్‌లో అన్నయ్యో బావో ఉన్న ఇళ్లు హైదరాబాద్‌లో తక్కువేం కాదు. సాండస్కీ కంటే అబుదాబి దగ్గర కావడం ఇక్కడి చిట్టాలను మెల్లగా మారుస్తోంది. ఇక్కడి అభిమానికి మొదటి పెద్ద కోస్టర్ చాలాసార్లు నేరుగా ప్రపంచ రికార్డే అవుతుంది, మధ్య మెట్లు ఉండవు. బస్తీ గ్రౌండ్ నుంచి ఒకేసారి ఫైనల్స్‌కు పోయినట్టు.

అసలు ఈ ఊరికి భయాన్ని టికెట్ పెట్టి కొనడం నేర్పింది ఏ పార్కూ కాదు, నుమాయిష్. 1938లో మొదలై, ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో జరిగే ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్, కొలంబస్, మౌత్ కా కువా ఉంటాయి. బావి చెక్కల మీద బండి గిర్రున తిరుగుతుంటే అంచున నిలబడ్డవాళ్ల కాళ్ల కింద పలకలు దడదడలాడతాయి. ఆ పలకల ఎత్తు ఎంతో ఎవరూ అడగరు. కొలంబస్ ఓడలో చివరి సీటు కోసం మాత్రం తోసుకుంటారు. ఓడ ఊగేటప్పుడు నడుమ కూర్చున్నవాడు ఊగుతాడు, కొసన కూర్చున్నవాడు లేస్తాడు. ఎయిర్‌టైమ్ అన్న మాట తెలియకముందే ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు.

కింగ్డా కా ఇప్పుడు లేదు. 2024 నవంబరులో ఆపేశారు, 2025 ఫిబ్రవరి 28న పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. పదే పదే మొరాయించే యంత్రం, నడిపే ఖర్చు తడిసి మోపెడు. దానికంటే డెబ్భై ఎనిమిదేళ్ల పెద్దదైన కోనీ ఐలండ్ సైక్లోన్, 1927 నాటిది, ఇంకా జనాన్ని ఎక్కించుకుంటోంది. ఒక్క అర నిమిషం ఆకాశమంత ఎత్తు గొప్పా, దాదాపు వందేళ్ల వయసులోనూ పని చేయడం గొప్పా? ఇది జోర్డాన్, లెబ్రాన్ ప్రశ్నే, మనుషుల పేర్లు తీసేస్తే. కింగ్డా కా ఎక్కినవాళ్ల సంఖ్య ఇక పెరగదు. ఇరవై, ముప్పై ఏళ్లకు జోడీలు కట్టడానికి ఓటర్లు పలచబడతారు. అప్పుడు అది కూడా క్రిస్టల్ బీచ్ సైక్లోన్‌లా ఎక్కనివాళ్ల నోట మరింత ఎత్తుగా పెరుగుతుంది.

రావిర్యాల కుర్రాళ్ల ముందు సీటు, వెనక సీటు గొడవకు మాత్రం అక్కడే జవాబుంది. మామూలు కోస్టర్‌లో ముందు వరుసకు గాలి, ఖాళీ ఆకాశం. వెనక వరుసకు లాగుడు, ఎందుకంటే రైలు ముందు భాగం అప్పటికే వాలు దిగుతూ వెనకవాళ్లను మెట్ట మీంచి ఈడ్చుకుపోతుంది. రికాయిల్‌లో రైలు పోయిన దారినే తిరిగొస్తుంది. మొదటి వాలు మీద అందరికంటే పైన వేలాడేది వెనక వరుస. రెండో వాలు మీద అందరికంటే పైకి చేరేది ముందు వరుస. ముందు కూర్చున్నవాడు తిరుగు ప్రయాణంలో వెనకవాడవుతాడు, వెనకవాడు అందరికంటే ముందు, అదీ దారి కనిపించకుండా వీపుతో, లూప్‌లోకి దూరతాడు. ఒకే టికెట్ మీద ఇద్దరికీ రెండు సీట్లూ అందుతాయి. నడుమ వరుసల్లో కూర్చున్నవాళ్లు మాత్రం మళ్లీ క్యూ కట్టాల్సిందే.